పెద్దగుండు మీది ముఖం

విజిల్ ఊదేశాం. రెండు వైపులా ఎర్రజెండాలు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. మాదాపూర్ రోడ్డు మీద లారీలూ స్కూటర్లూ ఆగిపోయాయి. రాతిగుండుకు చిల్లులు పెట్టి, మందు కూరి, తీగలు బిగించి, మేస్త్రి ఎల్లేశం బ్యాటరీ పెట్టె పక్కన కూర్చుని నా వైపే చూస్తున్నాడు. నేను చెయ్యి దించితే చాలు, ఢాం!

దించబోతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

గుండు మీద ఆకుపచ్చ చున్నీ ఎగురుతోంది.

చున్నీ ఒక్కటే అయితే గాలికి కొట్టుకొచ్చిందనుకునేవాణ్ణి. దాని కింద ఒక అమ్మాయి కూడా ఉంది. బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని, లోకంతో పని లేనట్టు ఏదో గీసుకుంటోంది.

"ఎల్లేశం! చెయ్యి తియ్యి! పెట్టె మీదికెళ్లి చెయ్యి తియ్యి!" అని అరుస్తూ పరుగెత్తాను. నా గొంతు అంత పెద్దదని నాకే అప్పటిదాకా తెలియదు.

"ఓ మేడమ్! ఏం జేస్తున్నరు ఆడ?"

ఆమె తల తిప్పి, ఎవరో టైమ్ అడిగినట్టు చూసింది. "లంచ్ అవర్ అండీ."

"లంచా? మీ కింద మందు కూరినం! ఇంకొక్క క్షణమైతే మీ టిఫిన్ డబ్బా కొండాపూర్ల దొరుకుతుండె! విజిల్ వినవడలేదా?"

"వినపడింది. ట్రాఫిక్ పోలీసనుకున్నాను."

అప్పుడు కిందికి చూసింది. తీగలు చూసింది. ముఖంలో రంగు మొత్తం దిగిపోయింది. అంత భయంలోనూ ఆమె మొదట చేసిన పని ఏమిటో తెలుసా? దిగడం కాదు. కాగితాన్ని వెనక్కి దాచుకోవడం!

"ఏందది? చూపియ్యుండ్రి."

"ఏం లేదండి."

"గుండెక్కి కూసోని ఏం లేదంటరేంది? సర్వే చేస్తున్నరా? ఎవలు పంపిన్రు?"

"చూపిస్తే చచ్చిపోతానండి!"

"ఈడనే ఇంకా జరసేపు కూసుంటే చూపియ్యకున్నా సస్తరు. దిగుండ్రి ముందుగాల!"

కాగితాన్ని మడిచి, డబ్బాలో మిగిలిన పులిహోర మీదే కుక్కి, మూత పెట్టి, జర్రున జారుతూ దిగింది. దూరంగా తీసుకుపోయి నిలబెట్టాక చెయ్యి దించాను. గుండు పేలింది. దుమ్ము లేచింది. ఆమె చెవులు మూసుకుని చూస్తూ ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు.

భయపడిందనుకుని కొంచెం మెత్తబడ్డాను. "ఏం కాలే, ఊకుండ్రి," అన్నాను.

"సగమే గీశాను," అంది.

ప్రాణం పోయేదని బెంగ లేదు, బొమ్మ సగంలో ఆగిందని ఏడుస్తోంది! ఇలాంటి మనుషులు కూడా ఉంటారా అనుకున్నాను.

నా పేరు రవీందర్. మాది గోపన్‌పల్లి. చిన్నప్పుడు మేకల వెనక తిరుగుతూ ఏ గుండ్ల మీద ఆడుకున్నానో, ఇంజనీరింగ్ చదివొచ్చి వాటినే పేలుస్తున్నాను. తొంభై తొమ్మిదో సంవత్సరం. మాదాపూర్‌లో కంప్యూటర్ ఆఫీసుల కొత్త టవర్ తెరిచి ఏడాది కూడా కాలేదు, దాని పక్క జాగాలో ఇంకో ఆఫీసు బిల్డింగుకు మేం పునాది తవ్వుతున్నాం. ఆ అమ్మాయి పేరు ఆమని. కాకినాడ వాళ్ళు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు మతి పోతుందని లోకమంతా భయపడుతుంటే, ఆ టవర్లో కూర్చుని వాటిని బాగుచేసే పిల్లల్లో ఆమె ఒకతె.

ఆమె సంగతంతా నాకు చెప్పింది సక్కుబాయి. మా సైటు అంచున తాటిపత్రి గుడ్డ పైకప్పుగా కట్టి చాయ్ అమ్మే రాయదుర్గం మనిషి. ఆమె మాటంటే మా కూలీలకు నా మాటకంటే ఎక్కువ.

మర్నాడు వాన. తాటిపత్రి కింద నేనూ, ఆమనీ, మధ్యలో కారుతున్న చిల్లూ.

"నిన్నటి కాగితం తిన్నరా ఏంది పులిహోరల కలుపుకోని?" అన్నాను.

"నూనె పట్టేసిందండి. మీ వల్లే."

"నా వల్లనా? పానం కాపాడిన్నని దండం పెడ్తరనుకుంటే!"

నవ్వింది. ఆ నవ్వు చూసి చాయ్ ఒలికించుకున్నాను. సక్కుబాయి నన్నూ, నా చొక్కానూ చూసి, పొయ్యి తుడిచే గుడ్డ నా చేతిలో పెట్టింది. అది ఇంకా ఘోరం.

సక్కుబాయి కూలీలకు చాయ్ ఇవ్వడానికి పోయాక, చాలా బతిమాలితే, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఒక కాగితం తీసింది. రెండు అంచుల్లో చిల్లులుండే కంప్యూటర్ కాగితం. దాని వెనకవైపు పెన్సిలుతో గుండ్లు. ఒకదాని మీద ఒకటి, పడీపడనట్టు. నేను దిమ్మెరపోయాను. రోజూ చూసే రాళ్ళే. ఇంతకాలం వాటిని చూడలేదని ఆ కాగితం చూశాక తెలిసింది.

"కింద పేరేది?" అన్నాను.

"పేరు రాస్తే నేనే గీశానని తెలిసిపోతుంది కదండీ."

"తెలిస్తే ఏమైతది?"

కాగితం మడిచేసింది. డబ్బాలో పెట్టేస్తూ చెప్పింది. ఆఫీసులో వాళ్ళ టీమ్ లీడర్ వెంకట్ పుట్టినరోజుకి కార్డు మీద అతని బొమ్మ వేసిందట. ముక్కు ఉన్నదున్నట్టు వచ్చింది. ఫ్లోర్ మొత్తం పడీపడీ నవ్వింది. వెంకట్ నెలరోజులు మాట్లాడలేదు. 'పని లేని వాళ్ళ వేషాలు' అని అందరి ముందూ అన్నాడట.

"ఆ రోజు నుంచి మనుషుల్ని గీయడం మానేశాను. ఎవరికీ చూపించడం కూడా మానేశాను. రాళ్ళు అలగవు కదండీ."

"మీరు గీసుడు ఆపలేదు గద?"

"ఆపడం చేతకాలేదు," అంది చిన్నగా. "చూపించడమూ చేతకాదు. ఏం చేయమంటారు?"

అప్పటినుంచి రేపు ఏ గుండు పేలుస్తామో ఈరోజే చెప్పేవాణ్ణి. ఆమె లంచ్ అవర్‌లో పరుగెత్తుకొచ్చి గీసుకునేది. ఎల్లేశం విజిల్ ఊదే ముందు ఒకసారి గుండు మీదికి తొంగిచూసి, "సారూ, మన మేడమ్ లేదు, ఊదుతున్న," అనేవాడు.

చివరికి పెద్దగుండు మిగిలింది. మా పునాదికి నట్టనడుమ, రెండు లారీలంత గుండు. మా కాంట్రాక్టరు రామ్మోహనరావు గారు రోజూ ఫోన్. "ఏవయ్యా రవీందర్, సోమవారం అది లేవకపోతే నువ్వు లేస్తావ్," అని.

శనివారం ఆమని వచ్చి, "ఇంకొక్క వారం ఆపండి. దీన్ని పెద్దగా, సరిగ్గా గీయాలి," అంది.

"ఎట్ల ఆపుత? నా కొలువు పోతది."

"మీరు అడిగితే మీ కాంట్రాక్టరు గారు వింటారు."

"గీసి ఏం జేస్తరు? డబ్బల పెడ్తరు, మూత పెడ్తరు. దాసుకునే బొమ్మకు గుండు ఉంటేంది, పోతేంది?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. కానీ మాట దాటిపోయింది. ఆమె నన్నొక చూపు చూసింది. ఆ చూపుకి మందు అక్కర్లేదు, పెద్దగుండు తనే పగిలేది. డబ్బా తీసుకుని టవర్ వైపు వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున నేను వచ్చేసరికి సైట్లో పని లేదు. జనం ఉన్నారు.

కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళు, రాయదుర్గం నుంచి వచ్చినవాళ్ళు, అందరూ పెద్దగుండు ముందు చేతులు జోడించి నిలబడ్డారు. ఎల్లేశం విజిల్ జేబులో పెట్టుకుని చెప్పులు విడిచి నిలబడ్డాడు. నేను తల ఎత్తి చూశాను.

గుండు మీద ముఖం!

మనిషంత ఎత్తు ముఖం. పెద్ద పెద్ద కళ్ళు, తెరిచిన నోరు, లేచిన కనుబొమలు. అప్పటికే ఎవరో పసుపు పూశారు. నుదుట రూపాయంత కాదు, పళ్ళెమంత కుంకుమ బొట్టు. కనుగుడ్లున్న చోట వెండి కళ్ళు అతికించారు. కింద వేపమండలు, కొబ్బరిచిప్పలు, ఊదుబత్తుల పొగ.

"ఆషాఢమాసం సారూ," అన్నాడు ఎల్లేశం. "బోనాల మీదికి అమ్మ ఎలిసింది. నోరు జూడుండ్రి, ఎట్ల కోపంగున్నదో. నా చేతులతోని మందు పెట్ట."

ఒక్క క్షణం ఆమని గుర్తొచ్చింది. వెంటనే కొట్టిపారేశాను. అరచేతిలో పట్టే రాళ్ళ బొమ్మ చూపించడానికే చచ్చిపోతానన్న పిల్ల, రోడ్డంతా చూసేలా ఇంత ముఖం గీస్తుందా? పైగా మనుషుల్ని గీయనని ఒట్టు పెట్టుకుంది. కాదు, కాదు. నేను కూడా చెప్పులు విడిచి, సక్కుబాయి చేతిలో కొబ్బరికాయ తీసుకుని కొట్టి, కళ్ళు మూసుకుని మొక్కుకున్నాను.

పని ఆగిపోయింది. రామ్మోహనరావు గారు అరిచారు, తర్వాత బతిమాలారు, తర్వాత ఆయనా ఒక కాయ కొట్టారు. ఆమని చాయ్‌కి రావడం లేదు. టవర్ దగ్గరికి పోయి అడిగితే 'మీటింగ్‌లో ఉంది' అన్నారు. నేను రోజూ పొద్దున్నే ఆ ముఖం ముందు నిలబడి అదే మొక్కు మొక్కుతున్నాను.

గురువారం రామ్మోహనరావు గారు ఒక ఉపాయంతో దిగారు. గుండును చెక్కి, ముఖమున్న పలకను పక్కకు జరిపి చిన్న గుడి కట్టిస్తానని, రాయదుర్గం పెద్దలకు మాటిచ్చారు. వాళ్ళు సరేనన్నారు.

"కాకపోతే అమ్మవారి ముఖం కొంచెం చక్కగా లేదయ్యా," అన్నారాయన. "చెవులు పెద్దవి. నోరు చూడు, ఎవర్నో తిడుతున్నట్టుంది. పెయింటర్ని తెచ్చాను. ఎనామిల్ వేసి, నవ్వుముఖంగా దిద్దేస్తాడు."

పెయింటర్ నిచ్చెన ఎక్కాడు. ఎర్ర రంగులో కుంచె ముంచాడు. నోటి మీదికి చెయ్యి చాచాడు.

"ఆగండి! ముట్టుకోవద్దు!"

ఆ కేక టవర్ వైపు నుంచి వచ్చింది. జనమంతా తిరిగి చూశారు. ఆమని! చెప్పు ఒకటి రోడ్డు మీద, ఒకటి కాలికి. మెడలో ఆఫీసు కార్డు ఎగురుతోంది. వెనకాల లంచ్‌కి బయటికొచ్చిన ఆఫీసు జనం, వాళ్ళలో వెంకట్.

"ఆ నోరు అలాగే ఉండాలి! దాన్ని దిద్దడానికి మీరెవరండీ? అది... అది నేను గీశాను!"

పెయింటర్ కుంచె నుంచి రంగు బొట్టు రామ్మోహనరావు గారి తెల్ల చొక్కా మీద పడింది. ఆయన గమనించను కూడా లేదు.

"తల్లీ, అమ్మ మీద అబద్ధమాడొద్దు. కళ్ళు పోతయ్," అన్నాడు ఎల్లేశం.

"అబద్ధం కాదండి. ఆదివారం ఆఫీసు డ్యూటీకి వచ్చాను. ఇక్కడెవరూ లేరు. మీ సున్నం, మీ ఎర్ర రెడాక్సైడ్ రంగు తీసుకుని మీ నిచ్చెనే ఎక్కి గీశాను. సోమవారం పొద్దున్నే ఒక్క రవీందర్ గారు చూస్తారు, తిట్టుకుంటారు, పేల్చేస్తారనుకున్నాను. మీరు పసుపు రాస్తారని నాకేం తెలుసు? భయమేసి దాక్కున్నాను. అందరూ దణ్ణం పెడుతుంటే ఎలా చెప్పను?"



సక్కుబాయి ముందుకొచ్చింది. ఆమె ముఖంలో కోపమో, నవ్వో తెలియడం లేదు. "నువ్వు గీసినవా? ఇంత ముఖం? నేను నమ్మ బిడ్డా. గియ్యి. అందరి ముందట మల్ల అదే ముఖం గియ్యి."

ఆమని నా వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది నాకు తెలుసు. 'చూపిస్తే చచ్చిపోతాను.'

సక్కుబాయి పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. మొన్ననే సున్నం కొట్టించిన సిమెంటు గోదాం గోడ చూపించాను. "మీ ఇష్టం. వద్దంటే తోల్కపోయి ఆఫీసుల దిగబెడ్త. గీస్తనంటే ఈడనే నిలవడ్త," అన్నాను.

ఆమె గోడ ముందు నిలబడింది. మొదటి గీత వంకరపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆమనీ, అక్కడ క్లయింట్ కాల్ ఉంటే ఈ వేషాలేంటి?" అన్నాడు వెంకట్.

ఆమె వీపు బిగుసుకోవడం నాకు కనిపించింది. అయిపోయిందనుకున్నాను. బొగ్గు పడేసి పరుగెడుతుందనుకున్నాను.

వెనక్కి తిరిగింది. "వెంకట్ గారూ, కొంచెం జరగండి. వెలుతురుకి అడ్డం వస్తున్నారు," అంది.

వెంకట్ నోరు తెరిచాడు. మూశాడు. జరిగాడు.

ఆ తర్వాత ఆమెకు మేమెవరమూ కనిపించలేదు. చెయ్యి చకచకా నడిచింది. నుదురు వచ్చింది, లేచిన కనుబొమలు వచ్చాయి, పెద్ద చెవులు వచ్చాయి, అరుస్తున్న నోరు వచ్చింది. పసుపూ లేదు, బొట్టూ లేదు, వెండి కళ్ళూ లేవు. ఉత్త ముఖం.

ముందు కనిపెట్టింది ఎల్లేశం. "అరె! గీ ముఖం... గిది మన సారు లెక్కుంది గద?"

జనమంతా ఒకేసారి నా వైపు తిరిగారు. నేను నా వెనక ఎవరున్నారా అని చూశాను. ఎవరూ లేరు. గోడ వైపు చూశాను. ఆ రోజు 'ఓ మేడమ్!' అని అరుస్తూ పరుగెత్తిన నేను!

సక్కుబాయి గబగబా గుండు దగ్గరికి పోయి, దండం పెట్టుకుని, పెయింటర్ని దింపి నిచ్చెన ఎక్కి, వెండి కళ్ళు తీసి, చీర కొంగుతో పసుపు తుడిచింది. నన్ను చూసింది, గుండును చూసింది. "ఓరి పోరగా! ఇన్ని రోజులు నేను మొక్కింది నీ ముఖానికారా!"

"నేనూ మొక్కిన అవ్వా," అన్నాను, ఏం మాట్లాడుతున్నానో తెలియకుండానే. "రోజూ కాయ గొట్టిన. ఆ పిల్ల మల్ల చాయ్‌కి రావాలె తల్లీ అని."

నవ్వులు సైటంతా పేలాయి. ఆమని ముఖం ఎర్రబడింది. నాది ఏమైందో చూసుకునే ధైర్యం లేదు.

"నా ముఖమే ఎందుకు?" అన్నాను.

"వేరే ముఖం రాలేదండీ. రాయి మీద రాళ్ళనే గీద్దామని మొదలుపెట్టాను. చెరిపి మళ్ళీ మొదలుపెట్టినా మీరే వచ్చారు." తల వంచుకుంది. మళ్ళీ ఎత్తింది. "ఆ పుట్టినరోజు కార్డు తర్వాత దాచకుండా నేను గీసిన మొదటి బొమ్మ ఇది. ఇంకొకరు దిద్దుతుంటే చూడలేకపోయాను."

అప్పుడు ఆమె సక్కుబాయి ముందుకు పోయి చేతులు జోడించింది. "తప్పయిందమ్మా."

"తప్పేంది బిడ్డా? నీ చెయ్యి చల్లగుండ," అంది సక్కుబాయి. "అమ్మ యాడికి పోతది, రాయదుర్గం గుడిలనే ఉన్నది. గీ పసుపు కుంకుమ తీస్కపోయి ఆడ కలుపుతం. గుండును ఏం జేసుకుంటరో ఇంక మీ ఇష్టం." ఆడవాళ్ళు పళ్ళెంలోకి పసుపూ కుంకుమా ఎత్తుకున్నారు.

రామ్మోహనరావు గారికి అప్పటికి ఊపిరి వచ్చింది. "అయితే... ఇప్పుడు పేల్చొచ్చా?"

నేను అన్నాను, "సార్, ఆ ముఖమున్న పలకను చెక్కి పక్కకు పెడుదం. గుడికోసం ఒప్పుకున్నరు గద, గిట్లనే ఒప్పుకోండ్రి. కొలువు పోతే పోనియ్యి."

"వద్దండి," అంది ఆమని.

అందరికంటే నేనే ఎక్కువ అదిరిపడ్డాను. "వద్దా?"

"పేల్చండి. దాచిపెట్టడం నాకింక వద్దు. నేను మళ్ళీ గీస్తాను."

పెయింటర్ చేతిలోంచి కుంచె తీసుకుని నిచ్చెన ఎక్కింది. ముఖం కింద ఎర్రగా, ఇంతింత అక్షరాలతో, 'ఆమని' అని రాసింది. దిగి, దూరంగా జరిగి, ఒకసారి చూసుకుంది. తల ఊపింది.

మర్నాటి మధ్యాహ్నం మందు కూరాం. విజిల్ ఊదేశాం. టవర్ జనం, రాయదుర్గం జనం, అందరూ ఎర్రజెండాల అవతల నిలబడ్డారు. నా చెయ్యి దించడానికి నాకు మనసు రాలేదు. ఆమె నా పక్కన నిలబడి, "దించండి," అంది.

దించాను.

దుమ్ము తగ్గాక ఆమె వైపు చూడటానికి భయపడ్డాను. కళ్ళలో నీళ్ళుంటాయనుకున్నాను. లేవు. ఖాళీ అయిన జాగాను కళ్ళు చికిలించి కొలుస్తోంది.

"రవీందర్ గారూ, మీరు కట్టే బిల్డింగులో పెద్ద గోడ ఒకటి నాకిస్తారా?"

"బిల్డింగే లేదింక. గోడ ఏడికెళ్లి దేవాలె?"

"కట్టండి. నేను ఆగుతాను."

"మల్ల నా ముఖమేనా?"

"అది రోజూ పక్కనే ఉండి చూస్తే గానీ చెప్పలేనండి," అంది. మెల్లగా కాదు. సక్కుబాయికీ, వెంకట్‌కీ, రామ్మోహనరావు గారికీ, ఎర్రజెండా పట్టుకున్న వాళ్ళకూ అందరికీ వినబడేలా.

నేను నోరు తెరుచుకుని ఆమెనే చూస్తున్నాను.

"సారూ," ఎల్లేశం మోచేత్తో పొడిచాడు, "జర నోరు మూయుండ్రి, దుమ్ము వోతది. మూసి, మల్ల తెరిసి, సరే అనుండ్రి."

నేను సరే అన్నాను.